సంతాప దినాలు, మా డక్కీలు

2024 డిసెంబరు 27 పొద్దున పదిన్నరకి రాజమండ్రి బస్టాండు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. తమ్ముడంటే చిన్నాన్న కొడుకు. మా ఇంట్లో బుర్రకథ ఇంకా వదలనివాడు అతనొక్కడే. ముందురోజు రాత్రి మన్మోహన్ సింగ్ గారు పోయారు. తెల్లారేసరికే వీళ్లు ముగ్గురూ బట్టల పెట్టె, తంబురా, వంతలు వాయించే చిన్న డోళ్లు, అంటే డక్కీలు సర్దుకుని బస్సెక్కేశారు. ఆ సాయంత్రం విశాఖ వైపు ఒక ప్రభుత్వ ఉత్సవంలో కథ చెప్పాలి. బస్సు రాజమండ్రి చేరేలోపు వాట్సాప్‌లో కబురొచ్చింది. ఏడు రోజుల సంతాపం, కార్యక్రమాలన్నీ రద్దు. దారి ఖర్చుల మాట అడిగితే ‘ఆఫీసు తెరిచాక చూద్దాం’ అన్నారట. ఆఫీసు తెరిచారు. సంక్రాంతి వెళ్లింది, ఉగాది వెళ్లింది. డబ్బు రాలేదు.

“అన్నయ్యా, మనకి రాజమండ్రి బస్టాండు అచ్చిరాదు” అన్నాడు వాడు ఫోన్లో.

నాకు గొంతు పట్టేసింది. నలభై ఏళ్ల కిందట ఇదే బస్టాండులో, ఇంచుమించు ఇదే వేళకి, నేను నిలబడి ఉన్నాను. పక్కన వాళ్ల నాన్న ఉన్నాడు. వాడప్పటికి పుట్టలేదు. ఆ ప్రయాణం కబుర్లు ఇంట్లో విని విని పెరిగాడు గనకే ఆ మాటన్నాడు. దాని గురించి రాయాలని చాలా ఏళ్లుగా ఉంది. ఇప్పుడు కోపం వచ్చింది గనక రాస్తున్నాను.

1984 అక్టోబరు 31, బుధవారం. దీపావళి వెళ్లి వారమైంది. కార్తీక మాసంలో మావాళ్లకి చేతినిండా పని. శివాలయాల దగ్గర సోమవారాలూ పౌర్ణమీ కథ పెట్టించుకునే ఊళ్లు ఆ రోజుల్లో చాలా ఉండేవి. మాది నరసరావుపేట పక్క పల్లె. కథకుడు మా పెదనాన్న. పక్కన నిలబడి వంత పాడుతూ నవ్వించే హాస్యం వంత చిన్నాన్న. కథ మధ్యలో లోకం సంగతులు ఎత్తే రాజకీయం వంత మా ఊరాయనే, వరసకి మామయ్య. నాకు పదిహేడేళ్లు, ఇంటరు రెండో ఏడు. కాలేజీ మానేసి పెట్టె మోయడానికి వాళ్ల వెంట పడ్డాను. తుని, నర్సీపట్నం, యలమంచిలి వైపు నాలుగు ఊళ్లు ఒప్పుకున్నాడు పెదనాన్న. కథకి 350 రూపాయలు. ఊరికి 50 చొప్పున బయానా ముందే ముట్టింది. ఆ డబ్బులోనే చార్జీలు పెట్టుకుని బయల్దేరాం.

రాజమండ్రిలో బస్సు ఆగినప్పుడు టీకొట్టు ముందు జనం గుమిగూడి కనిపించారు. ఇందిరాగాంధీని కాల్చారట అన్నారు. ఎవరు, ఎక్కడ, బతికే ఉందా అంటే తలా ఒక మాట. ఢిల్లీలో పొద్దున 9 గంటల 20 నిమిషాల ప్రాంతంలో, సొంత ఇంటి ఆవరణలో, కాపలా ఉండాల్సినవాళ్లే కాల్చారన్నది తర్వాత తెలిసింది. అప్పటికి బస్సు కదిలింది. జగ్గంపేట దగ్గర ఒకాయన ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని ఎక్కాడు, బీబీసీవాళ్లు పోయిందనే చెబుతున్నారన్నాడు. మన ఆకాశవాణి మాత్రం సాయంత్రం ఆరు దాకా ఆ మాట చెప్పలేదు. బస్సులో ఎవరూ పెదవి విప్పలేదు. పెదనాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆమెను జీవితంలో ఒకేసారి, ఏదో సభలో, అంత దూరం నుంచి చూశాడు. బస్సు అన్నవరం చేరేదాకా కండువాతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను రాయబోయేది చదివి ‘వీళ్లకి పోయిన మనిషి మీద గౌరవం లేదు’ అని ఎవరూ అనుకోకూడదు.

అన్నవరంలో డ్రైవరు బస్సు ఆపేశాడు. ముందుకు పోనివ్వరని ఎవరో చెప్పారట. పెట్టె నెత్తిన పెట్టుకుని ట్రంకు రోడ్డు వెంట కొంత, సముద్రం వైపు తిరిగి కొంత నడిచి, పొద్దు గూకే వేళకి మొదటి ఊరు చేరాం. పందిరి వేసి ఉంది. దానికి కట్టిన మామిడాకులు అప్పుడే విప్పుతున్నారు.

ఊరి పెద్ద మాజీ మునసబు. మునసబు పదవులు ఆ ఏడు జనవరిలోనే రద్దయ్యాయి గానీ ఊళ్లో ఆయన్ని ఇంకా మునసబుగారనే పిలిచేవారు. మంచినీళ్లు ఇప్పించి, అరుగు మీద కూర్చోబెట్టి, మెల్లిగానే చెప్పాడు. “ఇంత ఘోరం జరిగాక ఇవాళ కథేంటండీ. రేపు పోలీసులొస్తే మాట నాకొస్తాది. బోయినం చేసి ఇక్కడే పడుకోండి. ఆ యాభై మాత్రం ఇచ్చెయ్యండి, పందిరోడికి ఇవ్వాలి.”

పెదనాన్న ఏమీ అనలేదు. తల ఊపి, చొక్కా లోపలి జేబులోంచి తీసి ఇచ్చేశాడు. ఆ పూట కథ చెప్పే మనసు ఆయనకీ లేదు.

మాట్లాడింది ఒక ముసలమ్మ. పేరు తెలియదు. భోజనాలయ్యాక, లాంతరు వెలుతురులో మా పెట్టె దగ్గరకొచ్చి కూర్చుంది. పెదనాన్నని అడిగింది: “ఏటి బాబూ, మా పేటలో సచ్చినోడికి కూడా డప్పు లేకుండా శవం లెగదు. అంత తల్లిని ఏ వాయిద్దెమూ లేకుండా ఎలా పంపుతార్రా?”

ఆ మాటకి జవాబు నేను ఈ నలభై ఏళ్లలో ఎక్కడా వినలేదు.

ఆ రాత్రి పెదనాన్న వేషం కట్టలేదు. తలపాగా తియ్యలేదు, తంబురా తియ్యలేదు, వేళ్లకి అందెలు తొడగలేదు. అరుగు మీద కూర్చుని ఉత్త గొంతుతో పల్నాటి యుద్ధంలో బాలచంద్రుడు కార్యమపూడి కదనానికి వెళ్లే ముందు తల్లి ఐతాంబ దగ్గర సెలవు తీసుకునే ఘట్టం ఎత్తుకున్నాడు. చిన్నాన్న, మామయ్య డక్కీ బదులు తొడ మీద అరచేత్తో తాళం వేస్తూ వంత కలిపారు. పదిమందితో మొదలై ముప్పై నలభై మంది అయ్యారు. మునసబుగారు కూడా తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. ఆయన ఆపలేదు. ఆడవాళ్లు ఏడ్చారు. పాట అయ్యాక ఎవరి ఇళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. డబ్బు ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు.

పెద్ద నాయకులు పోయినప్పుడు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సంతాప ప్రకటనలు చూడండి. వాటిలో ఎప్పుడూ ఉండే సంగతులు రెండు. జెండా సగానికి దించాలి. ఆ రోజుల్లో అధికారిక వినోద కార్యక్రమాలు ఉండవు. ‘అధికారిక’ అన్న మాట గమనించండి. ప్రభుత్వం తాను పెట్టే విందులూ వినోదాలూ మానుకుంటానంటోంది, అంతే. పల్లెలో శివాలయం ముందు కథ ఆపమని ఆ కాగితం చెప్పదు. కానీ ఆ వాక్యం ఢిల్లీ నుంచి కలెక్టరాఫీసుకి, అక్కడి నుంచి స్టేషన్‌కి, స్టేషన్ నుంచి ఊరి పెద్దకి చేరేసరికి ‘అధికారిక’ అన్న ముక్క దారిలో ఎక్కడో రాలిపోతుంది. మిగిలేది ‘వద్దు’ అన్నదొక్కటే. పైవాడు ఏమనుకుంటాడోనన్న భయంతో కిందివాడు ఇంకాస్త బిగిస్తాడు. ఆ బిగింపు అంతా వచ్చి పడేది తాడు చివర ఉన్నవాడి మీద. ఆ చివర ఎప్పుడూ మావాళ్లే ఉంటారు.

అసలు తగువు ‘వినోదం’ అన్న మాటతోనే. 1984లో ఆ రోజుల రేడియో విన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వార్తలకీ వార్తలకీ మధ్య పొద్దస్తమానం విషాద సంగీతం. వీణ, వయొలిన్, షెహనాయి. అంటే ఆ రోజుల్లో దేశంలో సంగీతం ఆగలేదు. దుఃఖానికి సంగీతం కావాలని ప్రభుత్వానికీ తెలుసు. కాకపోతే వీణ వాయిస్తే అది సంతాపం అయింది, డక్కీ వాయిస్తే అది వినోదం అయింది. ఈ విభజన ఎవరు చేశారు? ఏ శాస్త్రంలో ఉంది? వీణ మీద నాకు ద్వేషం లేదు, అది పలికితే నాకూ కళ్లు చెమరుస్తాయి. రేడియో స్టేషన్‌లో కూర్చుని ఆ రికార్డు పెట్టినాయనకి తన ఇంట్లో దుఃఖం ఏ గొంతుతో వినిపిస్తుందో తెలుసు. మా ఇళ్లలో దుఃఖం ఏ వాయిద్యంతో వినిపిస్తుందో ఆయనకి తెలియదు. నేను చెప్పేది అంతే.

మా పల్నాడు సంగతే తీసుకోండి. నాగులేటి ఒడ్డున కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి వీరుల తిరునాళ్ల మొదలవుతుంది. అయిదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందట, సవతి అన్నదమ్ముల పక్షాలు కొట్టుకుని చచ్చిపోయిన యుద్ధానికి ఈ రోజుకీ చేస్తున్న సంతాపం అది. వీర విద్యావంతులు కత్తి పట్టుకుని ఆ కథ పాడతారు. చచ్చిపోయినవాళ్ల ఆయుధాలకి పూజలు చేస్తారు. అక్కడ రెండు నిమిషాల మౌనం ఎవరూ పాటించరు. పాడతారు, ఊగుతారు, పూనకం వచ్చి పడిపోతారు. కథ పాడటం మానేస్తే ఆ వీరులు రెండోసారి చచ్చిపోయినట్టే అని పెదనాన్న అనేవాడు. ఆ గడ్డ మీద పుట్టినవాడికి ‘దేశం దుఃఖంలో ఉంది, పాట ఆపు’ అంటే ఆ మాటకి అర్థం దొరకదు.

ఒక్క పల్నాడేనా. రాయలసీమలో, తెలంగాణలో ఎన్నో పల్లెల్లో శవం ఇంట్లో ఉన్న రాత్రి భజన బృందం వచ్చి తెల్లవార్లూ తత్వాలు పాడుతుంది. హార్మోనియం, తాళాలు, డోలు. శవం లేచేటప్పుడు డప్పు. ఆడవాళ్లు రాగాలు తీస్తూ పోయినవాళ్ల గుణగణాలు వరసగా చెప్పి ఏడుస్తారు, అందులో మంచీ ఉంటుంది, దెప్పుడూ ఉంటుంది. వినేవాళ్లకి ఆ మనిషి చరిత్ర మొత్తం తెలిసిపోతుంది. ఆ డప్పు కొట్టినవాణ్ని మన ఊళ్లు ఏ గుమ్మం దాకా రానిచ్చాయో, ఎంత కూలి ఇచ్చాయో నాకు తెలుసు. అది వేరే పాపం, దాన్ని దాచను. కానీ చావు దగ్గర ఆ డప్పుని వినోదం అన్న మనిషి మా వైపు పల్లెల్లో నాకెక్కడా కనపడలేదు.

2022 ఫిబ్రవరి 6న లతా మంగేష్కర్ పోయినప్పుడు రెండు రోజులు జాతీయ సంతాపం. అధికారిక వినోదం లేదు. ఆ రెండు రోజులూ ఏ టీవీ పెట్టినా, ఏ రేడియో తిప్పినా ఆమె పాటే. అదే సరైన పని. ఒక గాయనికి ఆమె పాట కంటే పెద్ద సంతాపం ఏముంటుంది? వీధుల్లో జనం ఆ పాటలు విని ఏడ్చారు, ఎవరికీ తప్పనిపించలేదు. అదే వారంలో ఒక ఊళ్లో మా తమ్ముడి కథ వాయిదా వేశారు. లతమ్మ మీద నాలుగు పాదాలు కట్టి కథకి ముందు పాడతానన్నాడు వాడు. వినలేదు.

జాతికి కష్టమొచ్చినప్పుడు పాటగాడు రోడ్డు మీద ఏం చేయగలడో చెప్పడానికి 1943 చాలు. బెంగాల్‌లో తిండి లేక సుమారు 30 లక్షల మంది చచ్చిపోయారు. యుద్ధకాలపు ప్రభుత్వం ఆ సంగతి పైకి రాకుండా చూసింది. ఆ ఏడాదే బొంబాయిలో ఇప్టా, అంటే భారత ప్రజా నాటక సంఘం పుట్టింది. బినయ్ రాయ్ నాయకత్వాన బెంగాలీ పాటగాళ్ల దళం ఊరూరా తిరిగి ఆ ఆకలిని పాడి, జోలె పట్టి, డబ్బు పోగుచేసి పంపింది. మన దగ్గర ప్రజానాట్యమండలి. మా గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి షేక్ నాజర్ గారు బెంగాల్ కరువుని బుర్రకథ చేసి చెప్పారు. బెంగాల్ ఎక్కడుందో పటంలో చూపించలేని తెలుగు రైతు, ఆ కథ విని, పంచె కొంగున ముడేసుకున్న అణా విప్పి ఇచ్చాడు. పెదనాన్న చిన్నప్పుడు అలాంటి ఒక కథ విన్నాడు. బుర్రకథలోకి ఆయన వచ్చిందే దానివల్ల. ఆ రోజుల్లో ఎవరైనా నాజర్ గారితో ‘జనం చచ్చిపోతున్నారు, ఈ సమయంలో తందాన తాన ఏంటి’ అని ఉంటే? అన్నవాళ్లు ఉండే ఉంటారు. ఆయన విని ఉంటే ఆ అణాలు బెంగాల్ చేరేవి కావు.

ఇటువైపు న్యాయం కూడా చెప్పాలి. చావు ఇంటి పక్కన డీజే బాక్సులు పెట్టి రికార్డింగ్ డ్యాన్సులాడితే నాకూ ఒళ్లు మండుతుంది. ఆ రాత్రి మునసబుగారు కథ వద్దన్నందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. పెదనాన్న తలపాగా పెట్టెలోనే ఉంచేశాడు కదా, అది ఎవరి ఆజ్ఞా కాదు. ఆయనకే కట్టుకోబుద్ధి కాలేదు. ఏ వేళకి ఏది పాడాలో, ఏది పాడకూడదో, డక్కీ ఎప్పుడు పక్కన పెట్టాలో అనుభవం మీద తెలిసినవాళ్లు వీళ్లు. ఆ నిర్ణయం వాళ్లకి వదలండి అంటున్నాను. హాస్యం వంత తగ్గించి కరుణ ఎంత పెంచాలో చిన్నాన్నకి తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు.

రెండోది కూలి. సంతాప దినం సెలవైతే ఉద్యోగికి ఆ రోజు జీతం వస్తుంది. అది తప్పనను, రావాలి. పిలిచి రద్దు చేసిన కళాకారుడికి మాత్రం ఆ రోజు సున్నా, పైగా చార్జీలు చేతినుంచి. జాతి అంతా పంచుకోవాల్సిన దుఃఖానికి అయ్యే ఖర్చు ముగ్గురు మనుషుల జేబులోంచి ఎందుకు పోవాలి? ప్రభుత్వం పిలిచిన కార్యక్రమం సంతాపం వల్ల రద్దయితే ఒప్పుకున్న పారితోషికం, దారి ఖర్చు ఇచ్చి తీరాలి. ఇది దానం కాదు, పిలుపుకి కట్టిన వెల. అంత పెద్ద మనిషి పోయినప్పుడు మూడు వేల రూపాయల కోసం రాస్తావా అంటారు కొందరు. అవును, రాస్తాను. ఆ మూడు వేలు వాడి ఇంట్లో పదిహేను రోజుల వెచ్చాలు.

2020 గురించి ఎక్కువ రాయలేను, ఇంకా పచ్చిగానే ఉంది. మార్చి 22 సాయంత్రం అయిదింటికి దేశమంతా గుమ్మాల్లో నిలబడి పళ్లేలు మోగించింది. మా తమ్ముడు డక్కీ తీసి వాకిట్లో వాయించాడు. రెండు రోజులకి, ఉగాది ముందు రాత్రి, ఎనిమిది గంటలకి లాక్‌డౌన్ ప్రకటించారు. శ్రీరామనవమి, తిరునాళ్లు, ఎండాకాలం జాతరలు, ఏడాది మొత్తం తిండి ఆ మూడు నెలల్లోనే ఉంటుంది మాకు. ఆ వేసవిలో వాళ్లు తిన్నది రేషను బియ్యం. పాటలు కూడా అడిగారు, చేతులు కడుక్కోమని, దూరం ఉండమని. సెల్‌ఫోన్‌లో తీసి పంపారు, ఊరికే. ఆ పాటని మాత్రం ఎవరూ వినోదం అనలేదు.

మళ్లీ ట్రంకు రోడ్డు మీదికి వస్తాను.

నవంబరు 1 పొద్దున నడుచుకుంటూ రోడ్డెక్కాం. ఒక్క బస్సూ లేదు. తునికి ఇవతల ఒక పాక హోటలు, దాని ముందు పొడుగునా ఆగిపోయిన లారీలు. హోటలాయన మంచివాడు. వండిందేదో పెట్టాడు, డబ్బు తర్వాత ఇద్దురు గానీ అన్నాడు. అక్కడే మూడు రాత్రులు.

ఆ లారీల్లో ఒకటి గుంటూరు మిరపకాయల లోడు, కలకత్తా వెళ్తోంది. డ్రైవరు సర్దార్జీ, యాభై దాటిన మనిషి. మా ఊరి ఘాటు ఆ టార్పాలిన్ కింద నుంచి వస్తుంటే మామయ్య వెళ్లి పలకరించాడు. ఆయనకి తెలుగు నాలుగు మాటలు వచ్చు, నాకు రాష్ట్రభాష పరీక్షల హిందీ వచ్చు. కాల్చింది సిక్కు గార్డులేనని బీబీసీలో విన్నాడట. పొద్దున్నే లారీ వెనక్కి వెళ్లి పగిడీ విప్పేసి, జుట్టు ముడివేసి, దాని మీద మా పల్లెవాళ్లలాగా తువ్వాలు చుట్టుకున్నాడు. గడ్డం మాత్రం ఏం చేయాలో తెలియక మఫ్లరు కట్టుకున్నాడు. నవంబరు మొదట్లో, ఆ ఉక్కలో.

రాత్రి ఎనిమిదింటికి పదిహేను ఇరవై మంది కుర్రాళ్లు కర్రలతో వచ్చారు. తెరిచి ఉన్న కొట్లు మూయిస్తున్నారు. ఈ లారీలెవరివి అని అడిగారు. హోటలాయన తడుముకోకుండా, “మన గుంటూరు మిరపకాయలండీ, డ్రైవరు కాకినాడ ఎల్లాడు” అన్నాడు. సర్దార్జీ అప్పటికి పాకలో మా నలుగురి మధ్య దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. తల దగ్గర మా వేషాల పెట్టె అడ్డంగా పెట్టాడు చిన్నాన్న. ఒక కుర్రాడు లాంతరు ఎత్తి చూసి మీరెవరన్నాడు. “బుర్రకథ వాళ్లం నాయనా, కథ లేదన్నారు” అన్నాడు పెదనాన్న. “ఇప్పుడు కథలేంటి, తప్పు కదా” అని వెళ్లిపోయారు.

మర్నాడంతా ట్రాన్సిస్టరులో వీణ. బీబీసీ దొరికినప్పుడు ఢిల్లీ సంగతులు కొంచెం కొంచెంగా తెలిసేవి. వీధులు, టైర్లు, కిరసనాయిలు. సర్దార్జీ అక్కడి పేటల పేర్లు వినపడ్డప్పుడల్లా వేళ్లు ముడిచేవాడు. చెల్లెలు ఢిల్లీలో ఉందని ఒక్కసారే చెప్పాడు. తర్వాత మూడేళ్లకి ప్రభుత్వం తేల్చిన లెక్క ప్రకారమే ఢిల్లీలో 2,733 మందిని చంపారు. ఆ మూడు రోజులూ దేశం అధికారికంగా సంతాపంలో ఉంది. పాట ఆగింది, కర్ర ఆగలేదు. ఆపాల్సినవాళ్లు దేన్ని ఆపారో, దేన్ని వదిలేశారో నాకు పదిహేడేళ్ల వయసులోనే, ఏ పుస్తకమూ చదవకుండానే తెలిసింది.

రెండో రోజు మధ్యాహ్నం ఆయన మా పెట్టెలో ఏముందని అడిగాడు. పెదనాన్న తెరిచి చూపించాడు. తంబురా, అందెలు, డక్కీలు, పైన మడత పెట్టిన ఎర్ర తలపాగా. ఆయన వాయిద్యాల జోలికి పోలేదు. తలపాగా గుడ్డ అంచు రెండు వేళ్లతో పట్టుకుని ఎన్ని గజాలన్నాడు. నాలుగన్నాడు పెదనాన్న. తనది అంతకంటే ఎక్కువని చెయ్యి చాపి చూపించాడు సర్దార్జీ. తర్వాత ఇద్దరూ చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

3వ తారీఖున అంత్యక్రియల వ్యాఖ్యానం రేడియోలో విన్నాం, హోటలాయన కుటుంబం, మేము, లారీలవాళ్లు అందరం. సర్దార్జీ కూడా విన్నాడు. చితి అంటించారని చెప్పినప్పుడు ఆయన చేతులు జోడించాడు. మర్నాడు చీకటి ఉండగానే లారీ తీసుకుని వెళ్లిపోయాడు. మేము లేచి చూసేసరికి గింజలు రాలిన ఎండుమిరప తొడిమలు నాలుగు రోడ్డు మీద ఉన్నాయి.

మా నాలుగు కథల్లో ఒక్కటీ జరగలేదు. కార్తీక సోమవారం యలమంచిలి పక్క ఊళ్లో హారతి ఇచ్చారు, కథ వద్దన్నారు. బయానాలన్నీ తిరిగిచ్చేశాం. హోటలాయనకి ఇవ్వాల్సింది పెదనాన్న సంక్రాంతి తర్వాత మనియార్డరు చేశాడు.

1991 మే 21 రాత్రి మా దళం ఒక పెళ్లివారి ఊళ్లో ఉంది. తెల్లవారుజామున రాజీవ్ గాంధీ వార్త వచ్చింది. నేను అప్పటికి ఉద్యోగంలో ఉన్నా, సెలవు పెట్టి వాళ్లతో వెళ్లాను. పెళ్లి మామూలుగా అయింది, కథ ఆగింది. అరుగు మీద ఎవరిదో రేడియో, అందులో మళ్లీ వీణ. పెదనాన్న బీడీ వెలిగించుకోబోయి ఆగాడు.

“ఒరే, ఆ సర్దారు ఇల్లు చేరాడంటావా?” అన్నాడు.